మాట్లాడినవాళ్ల పేర్లు

మొన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగిపోయాక ఇంట్లో ఉండలేక, విసనకర్ర పట్టుకుని వరండాలోకి వచ్చి కూర్చున్నాను. మా గేటు అవతల కాస్త నీడ పడుతుంది. ఆ నీడలో వీధి పిల్లలంతా చేరి బడి ఆట ఆడుతున్నారు. ఎదురింటి చిన్నపిల్ల, ఒకటో తరగతి చదువుతోంది, సుద్దముక్క పట్టుకుని నిలబడింది. మిగిలినవాళ్లు నోటిమీద వేలు వేసుకుని మట్టిలో చతికిలబడ్డారు. చాలాసేపు చూశాను. ఎవరూ ఎక్కాలు చెప్పరు, ఎవరూ పద్యం చదవరు. ఇదేం బడే తల్లీ అనుకున్నాను. ఎవరు నవ్వినా, ఎవరు దగ్గినా ఆ పిల్ల గిరుక్కున తిరిగి మా గేటు మీద వాళ్ల పేరు రాసేస్తోంది. అదే ఆట. ఇంతలో ఎండ జరిగి పిల్లల నెత్తిమీదికి వచ్చింది. ఉండబట్టలేక, "ఒసే, ఇటు నీడలోకి జరగండే, వడదెబ్బ కొడుతుంది" అని కేకేశాను. ఆ పిల్ల నావైపు ఒక చూపు చూసి, గేటు మీద 'అమ్మమ్మ' అని రాసింది. నేను మళ్లీ ఏదో అనబోయేసరికి నా పేరు పక్కన ఒక ఇంటూ మార్కు కూడా పెట్టింది.

నవ్వొచ్చింది. అరవై దాటాక కూడా అల్లరి పిల్లల జాబితాలో చోటు దొరికినందుకు సంతోషించాలి మరి. "అది సరే గానీ, మీకు టీచరు ఎవరే?" అని అడిగాను. "టీచరెందుకు అమ్మమ్మా? లీడర్ని నానున్నాను గదా" అంది. నా నవ్వు అక్కడితో ఆగిపోయింది. ఆ మాట, ఆ ఇంటూ మార్కు, రెండూ నాకు కొత్త కాదు. వాటిని నేను ఎక్కడ చూశానో చెప్పాలంటే ఆ పిల్ల పుట్టిన ఏడాదికి వెళ్లాలి.

నాకు నోరెక్కువని మా అత్తగారు నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే తేల్చేశారు. చారులో ఉప్పు ఎక్కువైందని పెళ్లివారి ముందే వంటవాడితో చెప్పినందుకు ఆ బిరుదు. ఆవిడ పోయి చాలాకాలమైంది, బిరుదు మాత్రం నా దగ్గరే ఉంది. మా ఆయన సరిగ్గా దీనికి వ్యతిరేకం. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, ఆయన నోరు తెరవాలంటే ఎక్కడో సిగ్నలు పడాలి. ఇద్దరం చీపురుపల్లిలోనే స్థిరపడిపోయాం. అమ్మాయి శ్రీకాకుళంలో ఉద్యోగం, అల్లుడు సాలూరులో లారీల పని. పొద్దున్న పోయి రాత్రికి వచ్చే బతుకులు వాళ్లవి. అందుకని మనవరాలిని మా దగ్గరే ఉంచారు. అది నా పక్కలోనే పడుకునేది. నా కొంగు చివర వేలికి చుట్టుకుంటే తప్ప దానికి నిద్ర పట్టేది కాదు. నేను అర్ధరాత్రి మంచినీళ్లకి లేవాలన్నా దాని అనుమతి కావాలి. ఆ చిన్న పెత్తనం నాకు ఎంత ఇష్టంగా ఉండేదో ఎవరికీ చెప్పలేదు.

దాన్ని వేసిన బడి మా పినతండ్రి కొడుకుది. తమ్ముడి వరస. తమ్ముడు పేరుకే కరస్పాండెంటు, బడి నడిపేదంతా వాడి భార్య, మా మరదలు. రేకుల షెడ్డులో మొదలుపెట్టి, మేడ కట్టేదాకా వచ్చింది. కష్టజీవి, కాదనను. ఊళ్లో సగం మందికి ఆవిడతో చుట్టరికం, మిగతా సగానికి ఆవిడతో అవసరం. మా ఎదురింటి అబ్బాయి ఆ బడి వ్యాను తోలతాడు. అతని కొడుకూ మా మనవరాలూ ఒకే క్లాసు, యూకేజీ. ఇద్దరూ ఒకే వ్యానులో వెళ్లి, ఒకే వ్యానులో వచ్చి, దారిలో కొట్టుకున్న సంగతులు మళ్లీ మా వరండాలో పంచాయితీ పెట్టేవారు. వాడు గలగలా వాగుతాడు, ఇది వెనకనుంచి తప్పులు దిద్దుతుంది. ఆ అబ్బాయి భార్య నన్ను "పిన్నీ, పిన్నీ" అంటూ తిరిగేది. చంటిపిల్లని నా ఒళ్లో పడేసి సంతకి వెళ్లిపోయేది. మొన్న నా పేరు గేటుకెక్కించిన పిల్లే ఆ చంటిపిల్ల.

ఆ బడికి ఒక ఆచారం ఉంది. శుక్రవారం మధ్యాహ్నం అన్నాలయ్యాక మేడ మీద హాల్లో అమ్మవారి పారాయణ. బడి అభివృద్ధి కోసం, పిల్లల క్షేమం కోసం అని మా మరదలు పెట్టింది. టీచర్లందరూ ఆడవాళ్లే. పట్టుచీరలు కట్టుకుని, మల్లెపూలు పెట్టుకుని వచ్చేవారు ఆ రోజు. ఒక శ్రావణమాసంలో మా మరదలు కుంకుమభరిణెతో మా ఇంటికి వచ్చి, నాకు బొట్టు పెట్టి, "వదినా, మీ నాన్నగారి గొంతు నీకొచ్చింది. ఈ వారం నువ్వొచ్చి చెప్పించాలి" అంది. మా నాన్న విజయనగరం వైపు ఒక గుళ్లో పాడుతూ బతికిన మనిషి. ఆయన పక్కన కూర్చుని చిన్నప్పుడే అంతా నేర్చుకున్నాను. ఆయన పేరెత్తితే నేను కరిగిపోతానని మా మరదలికి బాగా తెలుసు. కరిగిపోయాను. పెట్టెలోంచి ఆకుపచ్చ పట్టుచీర తీసి, గొంతుకి మిరియాల కషాయం తాగి మరీ వెళ్లాను.

మేడ మీద చక్కగా అలంకరించారు. సాంబ్రాణి పొగ, అరటిపళ్లు, పులిహోర వాసన. నేను మొదలుపెట్టాను, అందరూ అందుకున్నారు. చాన్నాళ్ల తర్వాత గొంతు అనుకున్నట్టు పలికింది. కళ్లు మూసుకుని చెబుతున్నదాన్ని, మధ్యలో ఎందుకో తెరిచాను. వెనక గోడ దగ్గర బడి ఆయా చేతులు జోడించి కూర్చుని ఉంది. ఆయా కింద ఉందనుకుంటున్నాను నేను. చుట్టూ చూశాను. టీచర్లందరూ ఇక్కడే ఉన్నారు. నా గొంతు ఆగిపోయింది. "ఏమమ్మా, పిల్లల దగ్గర ఎవరున్నారు?" అని సగం లేచి అడిగాను. మా మరదలు పెదవులు కదుపుతూనే కళ్లతో కూర్చోమంది. నేను మళ్లీ అడిగాను. "చిన్నవాళ్లందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టాం వదినా, లీడరుంది. ఒక్క చప్పుడైనా వినిపిస్తోందా చూడు. మా పిల్లల డిసిప్లిను అలాంటిది. మధ్యలో లేవకూడదు, కూర్చో" అంది గర్వంగా.

నిజమే, ఒక్క చప్పుడు కూడా వినిపించడం లేదు. యూకేజీ పిల్లలున్న మేడలో చప్పుడు లేకపోతే సంతోషించేది ఎవరు? లేచి మెట్లు దిగాను. పైన పారాయణ ఆగలేదు. నేను వదిలిన చోటునుంచి ఎవరో అందుకున్నారు.

కింద ఆ గదికి ఇనపరేకు తలుపు. గాలికి దానంతటది మూసుకుంటుంది. తోసుకుని లోపలికి వెళ్లాను. బోలెడంత మంది పసివాళ్లు నోటిమీద వేలు వేసుకుని కూర్చుని ఉన్నారు. మా మనవరాలు మూడో వరసలో ఉంది. నన్ను చూసి కూడా వేలు తియ్యలేదు, కళ్లు మాత్రం పెద్దవి చేసింది. బోర్డు దగ్గర మూడో తరగతి పిల్ల ఒకతె సుద్దముక్కతో నిలబడింది. బోర్డు మీద మాట్లాడినవాళ్ల పేర్లు. అన్నిటికన్నా పైన ఎదురింటి పిల్లాడి పేరు, దాని పక్కన బోర్డు చివరిదాకా ఇంటూ మార్కులు. వాడు తలుపు పక్కనే కింద కూర్చున్నాడు. ఎడమచేతి వేలు నోటిమీద ఉంది. కుడిచెయ్యి చొక్కాలోపల దాచుకున్నాడు. తెల్లచొక్కా పొట్టదగ్గర ఎర్రగా తడిసిపోయింది. ఒంటేలుకి వెళ్తానని లేచాడట. మేడమ్ వచ్చేదాకా కదలకూడదని లీడరు తలుపు దగ్గర ఆపింది. వాడు తలుపు సందున వేళ్లు పెట్టి బయటికి చూస్తుంటే గాలికి ఆ రేకు తలుపు వచ్చి పడింది. ఏడ్చాడు. ఏడిస్తే పేరు రాశారు. ఇంకా ఏడిస్తే ఇంటూ పెట్టారు. ఇంటూలు ఎక్కువైనవాళ్లని సోమవారం అసెంబ్లీలో నిలబెడతారు. అందుకని వాడు ఏడుపు మింగేసి, నోటిమీద వేలు వేసుకుని కూర్చున్నాడు.

"నానేటి సెయ్యనండీ! మేడమ్ రాయమన్నాది, రాసినాను" అని ఆ లీడరు పిల్ల భోరుమంది. దాన్నేమంటాను? అదీ పసిదే. గది దాటి వెళ్తే దాని పేరు ఎవరు రాస్తారో దాని భయం దానిది. నేను మేడవైపు కేకలేశాను. పైన అందరూ గొంతెత్తి చదువుతున్నారు, నా కేక ఎవరికి వినబడుతుంది? వరండాలో రైలుపట్టా ముక్క వేలాడదీసి ఉంటుంది, అదే బడి గంట. పిల్లాడిని చంకనెత్తుకుని, రెండో చేత్తో ఆ గంట పట్టుకుని బాదాను. అది ఇంటి గంట అనుకుని పెద్ద క్లాసుల పిల్లలంతా హోయ్ అని అరుస్తూ సంచులు తీసుకుని గేటువైపు పరుగెత్తారు. ఆ గోలకి గాని పట్టుచీరలు కిందికి దిగలేదు.

వాడి తండ్రే వ్యానులో విజయనగరం ఆసుపత్రికి తీసుకెళ్లాడు. వెనక సీట్లో వాడు నా ఒళ్లో ఉన్నాడు. దారి పొడుగునా కిక్కురుమనలేదు. "ఏడవరా నాయనా, ఏడు" అని నేనే బతిమాలాను. కుడిచేతి చూపుడువేలు పై కణుపు పోయింది. ఇంకాస్త ముందు తెస్తే ఏమైనా చేసేవాళ్లమేమో అన్నాడు డాక్టరు. ఎంతసేపటి కిందట తగిలిందని అడిగాడు. నాకేం తెలుసు? ఎవరికి తెలుసు? ఆ గదిలో పెద్దవాళ్లెవరైనా ఉంటే కదా.

తర్వాతి ఆదివారం తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. నేను లేచి నిలబడ్డాను. నేను డబ్బడగలేదు, బడి మూసేయమనలేదు. పిల్లల్ని ఒంటరిగా వదిలేశాం, తప్పయింది, ఇక వదలం అని నలుగురిలో ఒక్క మాట చెప్పమన్నాను. ఆ ఒక్క మాటే. "షికారుకి పోయామా వదినా? దైవకార్యం దగ్గర కూర్చున్నాం. అదీ ఈ పిల్లల కోసమే" అని మా మరదలు కళ్లొత్తుకుంది. నేను మిగిలిన తల్లుల వైపు చూశాను. పొద్దున్నే పాల దగ్గర, కూరల దగ్గర "ఇదేం అన్యాయమండీ" అని నాతో వాపోయినవాళ్లే అందరూ. ఒకావిడ కుచ్చిళ్లు సర్దుకుంది, ఒకాయన ఫోను చూసుకున్నాడు. ఎవరికి వాళ్లు కనపడని వేలు నోటిమీద వేసుకుని కూర్చున్నారు. ఆ పిల్లలకి అంత బుద్ధి ఎక్కణ్ణించి వచ్చిందో ఆ రోజు తెలిసింది నాకు. అంతటితో ఊరుకోక విద్యాశాఖలో పైవాళ్ల దగ్గరికీ వెళ్లాను. ఒక ఆఫీసరు మర్యాదగా కుర్చీ వేసి, "దెబ్బ మీ పిల్లకి తగల్లేదు కదమ్మా. తగిలిన పిల్లాడి వాళ్లు వచ్చి చెబితే చూద్దాం" అన్నాడు. వాళ్లెలా వస్తారు? ఆ బడి వ్యాను తోలితేనే వాళ్లింట్లో పొయ్యి వెలుగుతుంది.

ఇదంతా ఒక ఎత్తు. వారం తిరక్కుండా ఊళ్లో ఇంకో కథ పుట్టింది. కూరగాయల బజార్లో వంకాయలు ఏరుకుంటుంటే ముఖం కూడా సరిగా తెలియనామె నన్ను పట్టుకుని, "ఓలమ్మా, పారాయణ మద్దిలో లెగిసిపోనారంట గదా మీరు! తల్లికి కోపం రాదేటి మరి? ఆ గుంటడి ఏలు అందుకే పోనాదంట" అంది. మొదట నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక వంకాయలు అక్కడే పారేసి ఇంటికొచ్చాను. వేలు తెగింది ముందు, నేను లేచింది తర్వాత. కళ్లారా చూసినదాన్ని. ఊరు మాత్రం ఆ రెంటినీ అటుదిటు చేసేసింది. నేను లేచాను గనక వేలు తెగింది. ఎంత సులువుగా సర్దేశారు! బడి తప్పు లేదు, తలుపు తప్పు లేదు, ఎవరి మనసుకీ బరువు లేదు. ఆఖరికి మా ఆయన కూడా భోజనం దగ్గర గొంతు సవరించుకుని, "పోనీ, గుళ్లో చిన్న శాంతి చేయిద్దామా? ఒకవేళ..." అన్నారు. కంచం అక్కడ పెట్టి లేచిపోయాను. ముప్పై ఏళ్లుగా సిగ్నలు కోసం ఆగిన మనిషికి ఆ రోజే పడాలా పచ్చదీపం?

అన్నిటికన్నా గట్టిదెబ్బ ఎదురింట్లోంచి తగిలింది. ఆ పిల్లాడి తల్లి ఒక సాయంత్రం వచ్చి మా గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయి ఉన్నాయి. "పిన్నీ, నువ్వు ఆ రోజు లెగకుండా కూకుంటే బాగున్ను గదా" అంది. "ఒసే పిచ్చిదానా, నేను లేవకపోతే వాడింకా ఎంతసేపు అలా ఉండేవాడో తెలుసా?" అన్నాను. "ఏమో పిన్నీ, అందరూ అదే సెప్తన్నారు. నాకేటి తెల్దు" అని కొంగు నోటికడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని ఎంతో ప్రయత్నించాను. ఆ బడినే నమ్ముకుని బతకాలి, ఆ బడిలోనే పిల్లాడిని చదివించాలి. నన్ను తప్పుపడితేనే ఆవిడకి రాత్రి నిద్రపడుతుంది. అలాగని నాకు మంట తగ్గిందా అంటే, లేదు. ఇవాళ్టికీ తగ్గలేదు.

నెలాఖరులో మా తమ్ముడు ఫోను చేశాడు. "అక్కా, మా బడి మీద నమ్మకం లేనప్పుడు పాపని ఇక్కడ ఉంచడం నీకూ ఇబ్బంది, మాకూ ఇబ్బంది" అన్నాడు చాలా మెత్తగా. అమ్మాయి శ్రీకాకుళం నుంచి వచ్చింది. "అమ్మా, నువ్వు మాట్లాడింది రైటే. కానీ..." అంది. ఆ కానీ తర్వాత ఏముందో నేను వినదలుచుకోలేదు. మనవరాలి బట్టలు, బొమ్మలు, నీళ్లసీసా సర్ది బస్సెక్కించాను. బస్సు కదిలేదాకా అది నా కొంగు వదల్లేదు. ఏడవలేదు కూడా. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, పెదవులు బిగించుకుని కూర్చుంది. గట్టిగా ఏడవడం అది ఆ గదిలోనే మానేసిందని అప్పుడు గాని నేను గమనించలేదు. దాన్ని కాపాడదామని నోరు విప్పినదాన్ని, దాన్నే పోగొట్టుకుని ఇంటికొచ్చి పడక సగం ఖాళీగా వదిలి పడుకున్నాను. అలవాటు ఇప్పటికీ పోలేదు, మంచానికి ఒకవైపే పడుకుంటాను.

బడి ఏమీ మారలేదనలేను. గదిగదికీ కెమెరాలు పెట్టారు. ఇప్పుడు శుక్రవారం మధ్యాహ్నం మా మరదలు పారాయణ మధ్యలో ఫోనులో పిల్లల్ని చూసుకుంటుందట. కింద లీడరు మామూలే, పేర్లు మామూలే. ఎదురింటివాళ్లు మళ్లీ మాట్లాడుతున్నారు. ఏళ్లు గడిచాక ఎదురెదురు గుమ్మాలవాళ్లు ఎంతకాలం ముఖాలు తిప్పుకుంటారు? అరిటాకులో వడపప్పు పంపుతుంది, నేను ఆవకాయ పంపుతాను. కానీ ఆ వేలు ప్రస్తావన వస్తే ఇప్పటికీ, "పిన్ని మద్దిలో లెగిసిన శుక్రవారం" అంటుంది. పంచాంగంలో తిథి చెప్పినట్టు చెబుతుంది.

మొన్న పిల్లల ఆట అయిపోయాక, ఎండ చల్లబడ్డాక ఆ పిల్లాడు వచ్చాడు, తడిగుడ్డ, మగ్గుతో నీళ్లు పట్టుకుని. ఇప్పుడు ఆరో తరగతి, తండ్రి భుజం దాకా వచ్చాడు. "సెల్లి రాతలు తుడిసీసి రమ్మన్నాది మాయమ్మ" అని గేటు తుడవడం మొదలుపెట్టాడు. చిన్నప్పటి వాగుడు లేదు వాడికి, ఆ శుక్రవారంతోనే పోయింది. ఒక్కొక్క పేరే తుడుస్తూ వచ్చి 'అమ్మమ్మ' దగ్గర ఆగాడు. నావైపు తిరగకుండానే, "నాను ముందే ఏడ్సినాను అమ్మమ్మా" అన్నాడు.

"ఏమిట్రా?"

"ఆ దినం. తలుపు పడిపోనాక శానా ఏడ్సినాను. ఎవులూ రాలేదు. పైన నీ పాట వినిపిస్తన్నాది. తరవాత నీ పాట ఆగినాది. అప్పుడే నువ్వొచ్చినావు. మాయమ్మ ఉత్తినే నిన్నంటాది."

ఇన్నేళ్లు ఊళ్లో ఎవరో ఒకరి నోట నేను వినాలనుకున్నది ఈ మాటే. అది ఆఖరికి వీడి నోట్లోంచి రావాలా? "ఆ మాట మీ అమ్మతో చెప్పొచ్చు కదరా" అన్నాను. వాడు ఎదురింటివైపు చూశాడు. వాళ్ల నాన్న బడి వ్యాను కడుగుతున్నాడు. వాడి చెల్లెలు మెట్ల మీద కూర్చుని హోంవర్కు రాసుకుంటోంది. వాడు నావైపు తిరిగి, ఎవరికీ చెప్పొద్దన్నట్టు, ఆ మొండి చూపుడువేలే నోటిమీద పెట్టుకున్నాడు.

నా పేరు కూడా తుడిచేసి, మగ్గులో మిగిలిన నీళ్లు గేటు మీద పోసి వెళ్లిపోయాడు. కాళ్లు పొడుగయ్యాయి, గొంతు మారుతోంది, గడిచిన ఏళ్లు వాడిని ఆరో తరగతి దాకా నడిపించుకొచ్చాయి. ఆ వేలొక్కటే ఇంకా ఆ రేకు తలుపు దగ్గర, యూకేజీలోనే కూర్చుని ఉంది.